అడవిలో లేని రేడియో

పది రోజుల్లో ఒక ప్రభుత్వం కూలింది. ఆ దెబ్బ నుంచి గ్వాటెమాలా డెబ్బై ఏళ్లకు కూడా పూర్తిగా తేరుకోలేదు.

1954 మే 1, కార్మిక దినోత్సవం. సెలవు కావడంతో గ్వాటెమాలా జనం ఇళ్లపట్టునే ఉన్నారు. ఆ రోజు రేడియోలో ఓ కొత్త స్టేషన్ వినిపించింది. పేరు ‘విమోచన వాణి’. దేశం లోపలే, దట్టమైన అడవిలో దాక్కుని మాట్లాడుతున్నామనీ, సైన్యం వెంటాడుతున్నా నోరు మూసుకునేది లేదనీ అనౌన్సర్లు చెప్పుకొచ్చారు. పాటలు వేశారు, జోకులు పేల్చారు, సందు దొరికినప్పుడల్లా ప్రభుత్వాన్ని దులిపేశారు.

అడవీ లేదు, వెంటాడే సైన్యమూ లేదు. దేశం విడిచి వెళ్లిన కొందరు గ్వాటెమాలా కుర్రాళ్లు అమెరికాలోని మయామీలో కూర్చుని ఆ కార్యక్రమాలను టేపుల మీద రికార్డు చేసేవారు. ఆ టేపులను పొరుగు దేశాలకు చేరవేసి అక్కడి ట్రాన్స్‌మిటర్ల నుంచి వదిలేవారు. ఈ వ్యవహారం నడిపించింది డేవిడ్ అట్లీ ఫిలిప్స్ అనే సీఐఏ మనిషి. ఎనిమిది వారాలు తిరిగేసరికి, జనం ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు హకోబో అర్బెంజ్ గద్దె దిగిపోయాడు.

పరాయి ప్రభుత్వాలు మరో దేశపు రాజకీయాల్లో వేలు పెట్టిన ఉదంతాలకు కొదవ లేదు. 1953లో ఇరాన్, 1973లో చిలీ మనకు తెలిసినవే. సోవియట్ ట్యాంకులు నడిచిన 1956 నాటి హంగరీ, 1968 నాటి చెకొస్లొవేకియా ఉండనే ఉన్నాయి. వాటిలో గ్వాటెమాలాకు ఒక ప్రత్యేకత ఉంది. ఆ కుట్ర తాలూకు కాగితాలను 1997లో సీఐఏ కొంతమేరకైనా తనంతట తానే బయటపెట్టింది. తర్వాతి చరిత్రంతా అంతర్యుద్ధం, నిజనిర్ధారణ కమిషన్, కోర్టు విచారణల రూపంలో నమోదై ఉంది. రోగం ఎక్కడ అంటుకుందో, ఎటు పాకిందో ఇంత స్పష్టంగా కనిపించే దేశం అరుదు.

పదేళ్ల వసంతం

1931 నుంచి 1944 దాకా గ్వాటెమాలాను ఏలినవాడు జనరల్ హోర్హె ఉబికో. తనను నెపోలియన్‌తో పోల్చుకుని మురిసిపోయేవాడు. 1934లో అతను తెచ్చిన చట్టం గురించి వింటే తెలంగాణ పల్లెల్లోని వెట్టి గుర్తుకొస్తుంది. తగినంత సొంత సాగు లేని మాయా ఆదివాసీ ప్రతి ఒక్కడూ ఏడాదిలో కనీసం 100 నుంచి 150 రోజులు భూస్వాముల తోటల్లో పని చేయాలి. ఎన్ని రోజులు చేశాడో రాసిన పుస్తకం జేబులో పెట్టుకుని తిరగాలి. లేకపోతే జైలు, ఆ తర్వాత ఎలాగూ చాకిరీయే.

1944 జూన్‌లో టీచర్లు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 25వ తేదీ ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపితే మరియా చించియా అనే ఉపాధ్యాయిని చనిపోయింది. ఇవాళ్టికీ ఆ దేశం ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకొనేది ఆ తేదీనే. వారం తిరక్కుండా ఉబికో దిగిపోయాడు. అతని వారసుడిని అక్టోబర్‌లో యువ సైనికాధికారులు దించేశారు. ఆ అధికారుల్లో ఒకడు అర్బెంజ్.

ఎన్నికలు జరిగాయి. తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ హువాన్ హోసే అరెవాలో భారీ ఆధిక్యంతో గెలిచాడు. వెట్టి చట్టం పోయింది. 1947లో కార్మిక చట్టం వచ్చింది. సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె హక్కు తొలిసారి కాగితం మీదికెక్కాయి. 1950 నవంబర్ ఎన్నికల్లో అర్బెంజ్ గెలిచి, మరుసటి మార్చిలో అధికారం అందుకున్నాడు. ఆ దేశ చరిత్రలో ఎన్నికైన అధ్యక్షుడు ఎన్నికైన మరో అధ్యక్షుడికి శాంతియుతంగా పదవి అప్పగించడం అదే మొదలు. ఈ 1944-54 కాలాన్ని గ్వాటెమాలా వాసులు ‘పదేళ్ల వసంతం’ అంటారు.

రిజిస్ట్రేషన్ విలువ, అసలు ధర

1950 లెక్కల ప్రకారం గ్వాటెమాలా సాగుభూమిలో 72 శాతం రెండు శాతం భూ యజమానుల గుప్పిట్లో ఉంది. వాళ్లలో అందరికన్నా పెద్దది బోస్టన్‌కు చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ. అరటిపండ్ల వ్యాపారం దానిది. దాని చేతిలో దాదాపు ఐదున్నర లక్షల ఎకరాలున్నాయి. అందులో 85 శాతం సాగు చేయకుండా పడావు పెట్టింది. దేశంలో ఉన్న ముఖ్యమైన రైల్వేపై పెత్తనం దానిదే. అట్లాంటిక్ వైపున్న ఏకైక పెద్ద రేవు ప్యుయెర్తో బారియోస్ కూడా దాని కనుసన్నల్లోనే నడిచేది. స్థానికులు ఆ కంపెనీకి ‘ఆక్టోపస్’ అని పేరు పెట్టడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

1952 జూన్ 17న అర్బెంజ్ 900వ నంబరు చట్టం తెచ్చాడు. పెద్ద కమతాల్లో సాగు కాకుండా పడి ఉన్న భూమిని మాత్రమే ప్రభుత్వం తీసుకుంటుంది, భూమిలేని వాళ్లకు పంచుతుంది. యజమానికి పాతికేళ్ల బాండ్ల రూపంలో మూడు శాతం వడ్డీతో పరిహారం ఇస్తుంది. అర్బెంజ్ తన సొంత భూమిలోంచి కూడా 1,700 ఎకరాలు వదులుకున్నాడు. పద్దెనిమిది నెలల్లో దాదాపు లక్ష కుటుంబాలకు పద్నాలుగు లక్షల ఎకరాలు చేరాయి. ‘దున్నేవాడిదే భూమి’ నినాదం మార్మోగిన నేల మీద పుట్టిన పాఠకుడికి ఇందులో విప్లవం కనిపించకపోవచ్చు. సాగులో ఉన్న భూమిని ఆ చట్టం ముట్టుకోలేదు.

పరిహారం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. పన్ను కోసం యజమాని తానే ప్రకటించిన విలువను బట్టి పరిహారం ఇస్తామంది చట్టం. పన్ను తగ్గించుకోవడానికి కంపెనీ ఏళ్ల తరబడి తన భూముల విలువను నేలబారుగా చూపిస్తూ వచ్చింది. మన దగ్గర స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి రిజిస్ట్రేషన్ విలువ తక్కువ రాయించి, భూసేకరణకు వచ్చినప్పుడు మార్కెట్ ధర కావాలనే ఆసామి బాపతే ఇది. మొదటి విడతలో తీసుకున్న రెండు లక్షల పైచిలుకు ఎకరాలకు కంపెనీ లెక్క ప్రకారమే గ్వాటెమాలా 6,27,572 డాలర్లు ఇస్తానంది. ఎకరానికి మూడు డాలర్లన్నమాట. 1954 ఏప్రిల్‌లో కోటీ 58 లక్షల డాలర్లు కట్టమని నోటీసు వచ్చింది. ఎకరానికి 75 డాలర్లు. ఆ నోటీసు పంపింది కంపెనీ కాదు, సాక్షాత్తూ అమెరికా విదేశాంగ శాఖ!

అరటిపండా, కమ్యూనిజమా?

అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫోస్టర్ డల్లెస్. ఆయన తమ్ముడు అలెన్ డల్లెస్ సీఐఏ అధిపతి. అన్నదమ్ములిద్దరూ అంతకుముందు పని చేసిన న్యాయవాద సంస్థ యునైటెడ్ ఫ్రూట్ తరఫున వాదించింది. అధ్యక్షుడు ఐజన్‌హోవర్ ఆంతరంగిక కార్యదర్శి భర్త ఆ కంపెనీకే ప్రచార విభాగాధిపతి. ప్రజాసంబంధాల రంగానికి ఆద్యుడిగా చెప్పుకునే ఎడ్వర్డ్ బెర్నేస్ కంపెనీ ఖర్చుతో అమెరికా విలేకరులను గ్వాటెమాలా తిప్పి, అక్కడ కమ్యూనిజం కాలు మోపిందని వార్తలు రాయించాడు.

ఇంత చెప్పాక, అంతా అరటి గెలల కోసమే జరిగిందని తేల్చేయడం సులువు. నేనూ చాలాకాలం అదే నమ్మాను గానీ, కాగితాలు చూస్తే వ్యవహారం అంత తేలిగ్గా లేదు. అర్బెంజ్‌కు కమ్యూనిస్టు నాయకుడు హోసే మాన్వెల్ ఫోర్తునీ దగ్గరి మిత్రుడు. భూసంస్కరణ ముసాయిదాలో ఫోర్తునీ చేయి ఉంది. చెకొస్లొవేకియా నుంచి ఓడలో ఆయుధాలు తెప్పించిన మాటా నిజమే. అయితే అమెరికా తాను అమ్మదు, ఇతరులను అమ్మనివ్వదు. అలాంటప్పుడు ఇంకెక్కడ కొంటాడు? పార్లమెంటులో కమ్యూనిస్టులు నలుగురు. మంత్రివర్గంలో ఒక్కరూ లేరు. కుట్ర ముగిశాక సీఐఏ బృందం ఒకటి గ్వాటెమాలాకు వెళ్లి, ప్రభుత్వ, పార్టీ కార్యాలయాల్లోని లక్షన్నర కాగితాలను జల్లెడ పట్టింది. మాస్కో ఆజ్ఞలతోనే అంతా నడిచిందని చూపే ఆధారం దొరకలేదు.

ఇంకో విచిత్రం ఉంది. అర్బెంజ్ దిగిపోయి వారం కాకముందే, 1954 జూలై 2న, అమెరికా న్యాయశాఖ యునైటెడ్ ఫ్రూట్ మీద గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కేసు వేసింది. ఆ కేసులోనే కంపెనీ తన వ్యాపారంలో కొంత వదులుకోవాల్సి వచ్చింది. అర్బెంజ్ ఏ గుత్తాధిపత్యం మీద పోరాడాడో దాని మీదే అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది. కాబట్టి కంపెనీ లాభం ఒక్కటే వాషింగ్టన్‌ను కదిలించలేదు. తన పెరట్లో ఒక చిన్న దేశం తనను అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడమే దానికి కంటగింపైంది. కమ్యూనిజం భయం నిజమైనదే, కానీ ఆ భయానికి కొలతలు గీసి ఇచ్చినవాళ్లు కంపెనీ మనుషులు.

480 మంది ‘సైన్యం’

సీఐఏ ఎంచుకున్న మనిషి కర్నల్ కార్లోస్ కాస్టియో అర్మాస్. అంతకుముందే ఓ తిరుగుబాటు చేయబోయి విఫలమై పారిపోయిన అధికారి. 1954 జూన్ 18న హోండురాస్ నుంచి సరిహద్దు దాటినప్పుడు అతని వెంట ఉన్నది 480 మంది. వాళ్లలో కొందరు నడిచీ నడిచీ అలసిపోయి చతికిలపడ్డారు. గ్వాలాన్ అనే చిన్న ఊరి దగ్గర ముప్పై మంది సైనికులు నూటికి పైగా ఉన్న చొరబాటుదారులను ఒకటిన్నర రోజు పాటు నిలువరించి తరిమేశారు. ప్యుయెర్తో బారియోస్‌లో పోలీసులు, రేవు కూలీలు కలిసి మరో దళాన్ని మట్టికరిపించారు.

యుద్ధం అంటూ జరిగింది గాల్లో. సీఐఏ కొన్న పాత విమానాలు రాజధాని మీద చక్కర్లు కొడుతూ కరపత్రాలు, అడపాదడపా బాంబులు వేశాయి. కొన్ని విమానాలు పోయాక కొత్తవి ఇవ్వాలా వద్దా అన్న చర్చ వచ్చింది. ఇస్తే గెలిచే అవకాశం ఎంత అని ఐజన్‌హోవర్ అడిగితే, ఇరవై శాతం అన్నాడట అలెన్ డల్లెస్. ఆ నిజాయితీ నచ్చి విమానాలు ఇప్పించానని ఐజన్‌హోవరే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

రేడియో మాత్రం వేలాది మంది సైన్యం రాజధాని వైపు దూసుకొస్తోందని చెబుతూ పోయింది. నదుల్లో శవాలు తేలుతున్నాయంది. అంతకుముందు ప్రభుత్వ వైమానిక దళపు మాజీ అధికారి ఒకరు ఫిరాయించాడు. అతనికి మందు పోయించి, తోటి పైలట్లను ఫిరాయించమని కోరుతూ మాట్లాడించి, దొంగచాటుగా రికార్డు చేసి ప్రసారం చేశారు. తన పైలట్లను తానే నమ్మలేక అర్బెంజ్ విమానాలను నేలకే పరిమితం చేశాడు.

ఇంతవరకు ఆటపాటలే. అసలు దెబ్బ వేరు. సరిహద్దుకు పంపిన అధికారులు పోరాడేది లేదని అర్బెంజ్‌కు కబురంపారు. 480 మందికి భయపడి కాదు. ఈ 480 మందిని ఓడిస్తే రేపు అమెరికా నౌకాదళమే దిగుతుందన్న భయం వాళ్లది. రాయబారి జాన్ పీరిఫాయ్ నెలల తరబడి ఆ అధికారుల చెవుల్లో ఊదింది కూడా ఇదే. జనానికి ఆయుధాలిద్దామని అర్బెంజ్ చూస్తే సైన్యం అందుకూ ఒప్పుకోలేదు. జూన్ 27 రాత్రి అతను రేడియోలో రాజీనామా ప్రకటించాడు. మెక్సికో రాయబార కార్యాలయంలో 73 రోజులు తలదాచుకున్నాక దేశం విడిచి వెళుతుంటే, విమానాశ్రయంలో కెమెరాల ముందు బట్టలు విప్పించి సోదా చేశారు. పదిహేడేళ్లు దేశం దేశం తిరిగి 1971లో మెక్సికోలో చనిపోయాడు.

బయటివాడు శూన్యంలోంచి ఏదీ పుట్టించలేడు. గ్వాటెమాలాలో భూసంస్కరణ అంటే మండిపడే భూస్వాములు ముందునుంచీ ఉన్నారు. కమ్యూనిజం మీద తిరగబడమంటూ భక్తులకు బహిరంగ లేఖ రాసిన ఆర్చిబిషప్ రొసెల్ ఉన్నాడు. జంకే సైనికాధికారులు ఏ దేశంలో లేరు? ఎన్నికల పోటీలో వీళ్లు బలహీనులు. బయటి శక్తి వాళ్లలోంచి ఒకరిని ఏరి తక్కెడలో తన బరువు వేసింది. అలా గెలిచినవాడికి ఇక జనంతో పని ఉండదు. ఎవరు కూర్చోబెట్టారో వాళ్లను తృప్తిపరిస్తే చాలు.

పాఠం నేర్చుకున్నవాళ్లు

జూన్ 27 తర్వాత పదకొండు రోజుల్లో ఐదు తాత్కాలిక ప్రభుత్వాలు మారాయి. చివరికి కాస్టియో అర్మాస్ అమెరికా రాయబారి విమానంలో రాజధానికి వచ్చి గద్దెనెక్కాడు. భూములు తిరిగి పాత యజమానులకు వెళ్లాయి. చదువు రానివాళ్లకు ఓటు తీసేశారు. ఆ దేశంలో అప్పుడు అత్యధికులు చదువురానివాళ్లే, వాళ్లలో అత్యధికులు మాయా ఆదివాసులే. కమ్యూనిస్టు అనుమానితుల పేరుతో కొద్ది నెలల్లోనే 72 వేల మంది జాబితా తయారైంది. అక్టోబర్‌లో ‘ప్రజాభిప్రాయ సేకరణ’ పెట్టి 99 శాతానికి పైగా తనవైపే ఉన్నారని ప్రకటించుకున్నాడు. మూడేళ్లకు సొంత అంగరక్షకుడి తూటాకే బలయ్యాడు.

కుట్ర జరుగుతున్నప్పుడు గ్వాటెమాలా నగరంలో ఒక యువ అర్జెంటీనా డాక్టర్ ఉన్నాడు. పేరు ఎర్నెస్టో గెవారా, తర్వాతి కాలపు చే. పాత సైన్యాన్ని అలాగే ఉంచి సంస్కరణలు చేయబోతే ఏమవుతుందో కళ్లారా చూశాడు. 1959లో అతను పాల్గొన్న క్యూబా విప్లవం గెలిచాక అక్కడి నాయకులు పాత సైన్యాన్ని ఉంచలేదు. ఎన్నికలూ పెట్టలేదు. అర్బెంజ్ పతనం లేకపోతే క్యూబా వేరుగా నడిచేదని ఎవరూ చెప్పలేరు గానీ, హవానాలో గ్వాటెమాలా పేరు ప్రతి వాదనలోనూ వినిపించేది.

సీఐఏ కూడా పాఠం నేర్చుకుంది, తప్పుగా. ఇరవై శాతం అవకాశంతో దక్కిన గెలుపును తన ప్రతిభగా లెక్కేసుకుంది. అదే పథకంతో, చాలావరకు ఆ మనుషులే 1961లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి దిగి బోర్లాపడ్డారు. ఆ దాడికి శిక్షణ ఇచ్చింది గ్వాటెమాలాలోనే, రెటాలులేయు దగ్గర ఓ తోటలో. మా నేల మీద పరాయి సైన్యానికి శిక్షణేమిటని మండిపడ్డ యువ అధికారులు 1960 నవంబర్ 13న తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు అణగారిపోయింది. తప్పించుకున్న అధికారులు కొండల్లోకి వెళ్లి గెరిల్లాలయ్యారు. 36 ఏళ్ల అంతర్యుద్ధం అలా మొదలైంది. ఒక జోక్యం ఇంకో జోక్యానికి శిబిరమై, ఆ శిబిరం ఒక యుద్ధాన్ని రాజేసింది.

మధ్యలో ఓటు దారి తెరుచుకునే అవకాశం ఒకసారి వచ్చింది. 1963 ఎన్నికల్లో పోటీకి మాజీ అధ్యక్షుడు అరెవాలో ప్రవాసం నుంచి తిరిగొచ్చాడు. గెలుస్తాడని అందరికీ తెలుసు. అందుకే ఎన్నికలకు ముందే సైన్యం కుట్ర చేసి అధికారం లాక్కుంది. బ్యాలెట్ మీద ఆశ పెట్టుకున్న ఒక తరానికి ఇక మిగిలింది రెండే దారులు. ఇంట్లో కూర్చోవడం, లేదా కొండలెక్కడం.

యుద్ధం 1980ల మొదట్లో పరాకాష్ఠకు చేరింది. జనరల్ ఎఫ్రయిన్ రియోస్ మాంట్ పాలనలో మాయా గ్రామాలను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టారు. 1982 డిసెంబర్ 4న అమెరికా అధ్యక్షుడు రీగన్ అతన్ని కలిసి, పాపం అన్యాయంగా నిందలు మోస్తున్నాడని వెనకేసుకొచ్చాడు. రెండు రోజులకే దోస్ ఎరెస్ అనే ఊళ్లో సైనికులు 200 మందికి పైగా గ్రామస్థులను చంపేశారు. పిల్లలను కూడా వదల్లేదు.

1996 డిసెంబర్ 29న శాంతి ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని నిజనిర్ధారణ కమిషన్ 1999లో లెక్క తేల్చింది. రెండు లక్షలకు పైగా మృతులు, ఆచూకీ లేనివాళ్లు. 626 ఊచకోతలు. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ఆదివాసులు. 93 శాతం అకృత్యాలకు సైన్యం, దాని అనుబంధ బలగాలదే బాధ్యత. అదే ఏడాది మార్చిలో అధ్యక్షుడు క్లింటన్ గ్వాటెమాలా వెళ్లి, ఆ బలగాలకు అమెరికా మద్దతివ్వడం తప్పని ఒప్పుకున్నాడు. 2013లో గ్వాటెమాలా కోర్టు రియోస్ మాంట్‌కు జాతిహత్య, మానవాళిపై నేరాల కింద 80 ఏళ్ల శిక్ష వేసింది. పది రోజులకు రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది.

కొడుకు వచ్చాడు

2023 ఆగస్టు 20న గ్వాటెమాలా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరూ ఊహించని మనిషి గెలిచాడు. పేరు బెర్నార్దో అరెవాలో. 1945లో అధ్యక్షుడైన ఆ ప్రొఫెసర్ కొడుకే. తండ్రి ప్రవాసంలో ఉండగా 1958లో ఉరుగ్వేలో పుట్టాడు. అవినీతిని ఊడ్చేస్తానని చెప్పి ఓట్లడిగాడు.

ఓడినవాళ్లు ఊరుకోలేదు. ప్రాసిక్యూటర్లు ఎన్నికల సంఘం కార్యాలయాల మీద దాడులు చేసి బ్యాలెట్ పెట్టెలను ఎత్తుకెళ్లారు. అతని పార్టీని సస్పెండ్ చేయించారు. అప్పుడు రోడ్డెక్కినవాళ్లు మాయా ఆదివాసులు. తోతోనికపాన్‌కు చెందిన ‘48 కాంతోన్లు’ అనే సంప్రదాయ గ్రామపెద్దల సంఘం పిలుపుతో అక్టోబర్ 2 నుంచి దేశమంతటా రహదారులు దిగ్బంధమయ్యాయి. ప్రాసిక్యూటర్ కార్యాలయం ఎదుట మూడు నెలలకు పైగా గుడారాలు వేసుకుని కూర్చున్నారు. ఒకప్పుడు ఓటు తీసేయించుకున్నవాళ్ల మనవలే ఇప్పుడు ఓటుకు కాపలా కాశారు.

డిసెంబర్‌లో వాషింగ్టన్ ఇంకో పని చేసింది. ఫలితాన్ని తారుమారు చేయబోతున్నారంటూ వందమందికి పైగా పార్లమెంటు సభ్యులు సహా దాదాపు 300 మంది గ్వాటెమాలా వాసుల వీసాలు పీకేసింది. 2024 జనవరి 14న జరగాల్సిన ప్రమాణ స్వీకారం పార్లమెంటులో నడిచిన నాటకాల వల్ల అర్ధరాత్రి దాటాక జరిగింది. అయినా జరిగింది.

ఈసారి అమెరికా మంచి పక్షాన నిలబడిందని సంతోషించేవాళ్లున్నారు. అది అబద్ధమేం కాదు. నాకు మాత్రం అందులో పాత జబ్బు ఆనవాళ్లే కనిపిస్తాయి. సొంత ఓటర్ల తీర్పుకు లొంగని పార్లమెంటు సభ్యులు మయామీకి వెళ్లే వీసా పోతుందంటే తగ్గారు. 1954లో గ్వాటెమాలా అధికారులు అధ్యక్షుడి మాట కన్నా రాయబారి మాటకు ఎక్కువ విలువిచ్చారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. మంచికి వాడినా, చెడుకు వాడినా, ఆ మీట మాత్రం దేశం బయటే ఉంది.

2011లో గ్వాటెమాలా ప్రభుత్వం అర్బెంజ్ కుటుంబానికి అధికారికంగా క్షమాపణ చెప్పింది. కానీ 2003 వ్యవసాయ గణన నాటికీ రెండు శాతం లోపు కమతాల కిందే సగానికి పైగా భూమి ఉంది. పడావు పడ్డ పెద్ద కమతాలను ఆ స్థాయిలో పేదలకు పంచే చట్టాన్ని 1954 తర్వాత నెగ్గించుకున్న అధ్యక్షుడు ఆ దేశంలో ఒక్కడూ లేడు.